దూరపు మాటకు వెల తగ్గిన విధము

హైదరాబాదు నగరమునందలి విద్యానగర్, చిక్కడపల్లి, అశోక్ నగర్ ప్రాంతములలో గదులు అద్దెకు తీసికొని పోటీ పరీక్షలకు చదువుకొను గ్రామీణ యువకులు అనేకులు కలరు. వీరు స్వగ్రామములందున్న తల్లిదండ్రులతో తరచుగా ఫోనులో మాటాడుచున్నారు. ఎన్ని నిమిషములు మాటాడితిమని లెక్కించువారు నేడు అరుదు. ఒక తరము క్రిందట ఇట్లుండలేదు. ఎంత దూరమునకు, ఎంతసేపు మాటాడిన అంత వెల చెల్లింపవలసి వచ్చెడిది. ఆ వెల ఎట్లు తగ్గినదో, ఇంకను మిగిలియున్న ఖర్చు ఏదో తెలిసికొనుట ప్రతి కుటుంబమునకును మేలు.

ట్రంకు కాలు

పూర్వము పై ఊరికి మాటాడగోరువారు ఎక్స్చేంజిలోని ఆపరేటరుకు నంబరు చెప్పి, తమ వంతు వచ్చువరకు వేచియుండవలసి వచ్చెడిది. ఒక్కొక్కప్పుడు గంటలు గడచెడివి. తొందర గలవారికి అర్జెంటు కాలు ఉండెడిది. దానికి సాధారణపు వెలకు రెట్టింపు. అంతకన్న ముందుగా కావలసినచో లైట్నింగు కాలు. దానికి ఎనిమిది రెట్లు. మూడు నిమిషములను ఒక లెక్కగా తీసికొని వెల కట్టెడివారు.

ఇంత వెల ఏల? తొలిదినములలో ఒక జత రాగితీగలపై ఒకేసారి ఒక్క సంభాషణ మాత్రమే సాగెడిది. వందల మైళ్ల పొడవున నాటిన స్తంభములు, లాగిన తీగలు, నడుమ ధ్వనిని బలపరచు యంత్రములు, ఎక్స్చేంజిలలోని సిబ్బంది, వీని ఖర్చంతయు ఆ కొద్ది సంభాషణలే మోయవలెను. దినమునకు నాలుగు బండ్లు మాత్రమే నడచు బాటకు ఒక్కొక్క బండిపై సుంకము హెచ్చుగా విధింపక తప్పదు గదా!

ఇతర దేశములలోను ఇదియే స్థితి. 1915లో న్యూయార్కు, శాన్ ఫ్రాన్సిస్కోల మధ్య మూడు నిమిషముల మాటకు 20 డాలర్ల 70 సెంట్లు. 1927లో న్యూయార్కు నుండి లండనుకు రేడియో మూలమున మాటాడుటకు 75 డాలర్లు. 1956లో అట్లాంటిక్ సముద్రగర్భమున వేసిన మొదటి టెలిఫోను కేబులుపై ఒకేసారి 36 సంభాషణలు సాగినవి. 1988లో అదే సముద్రమున వేసిన గాజుపోగుల కేబులు సుమారు 40,000 సంభాషణలను మోసినది. బాట విశాలమైనకొలది సుంకము తగ్గినది.

మన దేశమున

1960 నవంబరులో కాన్పూరు, లక్నోల మధ్య ఆపరేటరుతో పని లేక నేరుగా నంబరు త్రిప్పి మాటాడు ఎస్.టి.డి. పద్ధతి మొదలైనది. 1984లో నెలకొల్పబడిన సి-డాట్ సంస్థ పల్లెల ఎండను, దుమ్మును తట్టుకొను చిన్న ఎక్స్చేంజిని రూపొందించినది. అట్టి మొదటి ఎక్స్చేంజి 1986లో కర్ణాటకలోని కిత్తూరున నెలకొన్నది. పిమ్మట ఎస్.టి.డి. బూత్‌లు చిన్న ఊళ్లకును వ్యాపించినవి. రాత్రి 11 గంటలు దాటిన పిదప నాలుగవ వంతు వెలయే గనుక, ఆ వేళకై జనులు కాచుకొనియుండెడివారు.

హైదరాబాదు నుండి ఢిల్లీకి పగటివేళ మూడు నిమిషములు మాటాడుటను ఉదాహరణగా తీసికొందము. వేయి కిలోమీటర్లకు మించిన దూరమునకు నిమిషమునకు 24 రూపాయల చొప్పున 72 రూపాయలు అయ్యెడిది. 2002 జనవరిలో బి.ఎస్.ఎన్.ఎల్. దానిని నిమిషమునకు 9 రూపాయలు చేయగా 27 రూపాయలైనది. 2006 మార్చిలో దేశమంతటికిని నిమిషమునకు రూపాయి చొప్పున ‘వన్ ఇండియా’ పథకము రాగా, ఆ చందాదారులకు 3 రూపాయలైనది. 2009లో సెకనుకు పైసా లెక్క వచ్చినది. 2016లో జియో సంస్థ ప్రవేశించినపిమ్మట, నెలసరి రీచార్జి చేసినవారికి మాటకు వేరుగ వెల లేకుండుట క్రమముగా వాడుకైనది.

దీనికి కారణములు మూడు. మనుష్యులు చేయు పనిని యంత్రములు చేయుట మొదటిది. వెండ్రుకవంటి గాజుపోగు వేలకొలది సంభాషణలను మోయుట రెండవది. పలు సంస్థలు పోటీపడుట మూడవది.

మిగిలిన ఖర్చు

అయినను ఖర్చు మాయమైపోలేదు. నిమిషము మీదినుండి నెల మీదికి మారినది. మాటాడినను, మాటాడకున్నను రీచార్జి చేయవలెను. 28 దినముల పథకమును తీసికొన్నవారు సంవత్సరమునకు 12 మారులు గాక 13 మారులు చెల్లించుచున్నారు. వారమునకు రెండుమారులు కుమారునితో మాటాడు వృద్ధురాలికి, ఇంటర్నెట్టు లేని చిన్న ఫోనుకై, తాను వాడని డేటా వెలను కూడ చెల్లించుట భారమే.

ఈ విషయమున ట్రాయ్ సంస్థ రెండు సదుపాయములు కల్పించినది. 30 దినముల గడువు గల పథకమొకటియైనను ఉండవలెనని 2022లో నియమము చేసినది. డేటాతో పనిలేనివారికై మాటలు, ఎస్సెమ్మెస్సులు మాత్రమే గల పథకములను ఇయ్యవలెనని 2024 డిసెంబరులో ఆదేశించినది. ఇట్టివాని గడువు 365 దినముల వరకు ఉండవచ్చును.

కావున రీచార్జి దుకాణమునకు పోవువారు మూడు ప్రశ్నలు అడుగవలెను. గడువు ఎన్ని దినములు? సంవత్సరమునకు మొత్తము ఎంత? డేటా లేని పథకము కలదా? పట్టణమున చదువుకొను పిల్లలు సెలవులకు ఇంటికి వచ్చినపుడు, పెద్దల ఫోనునకు ఏ పథకము చాలునో కూర్చుండి లెక్కచూచినచో, ఇంటికి కొంత పైకము మిగులును.