లహైనాకు సాయం ఎలా పంపాలి? మొదటిసారి ఇచ్చేవారికి

2023 ఆగస్టు 8న హవాయిలోని మౌయి దీవిలో లహైనా పట్టణం కాలిపోయింది. దక్షిణంగా, దూరంగా డోరా తుఫాను సాగిపోతుండగా ఆ రోజు ఈదురుగాలులు వీచాయి. పొద్దున తెగిన కరెంటు తీగ వల్ల పుట్టిన మంట ఆరిందనుకున్నారు. మధ్యాహ్నం అది మళ్లీ రాజుకుంది. బీడుపడ్డ చెరకు తోటల్లో ఎండిన గడ్డి దానికి తోడైంది. 102 మంది చనిపోయారు. 2,200కు పైగా కట్టడాలు దెబ్బతినడమో బూడిదవడమో జరిగింది.

ఇప్పుడు పంపితే ఏం లాభమని అనుకోకండి. కెమెరాలు వెళ్లిపోయాక కూడా అద్దె, తిండి, ఇంటి నిర్మాణం మిగిలే ఉంటాయి. పదండి, కలిసి చేద్దాం.

కావలసినవి

అంతర్జాతీయ లావాదేవీలకు అనుమతి ఉన్న కార్డు, ఈమెయిల్, ఒక నోటు పుస్తకం, అరగంట తీరిక. కార్డుకు ఆ అనుమతి ముందే బ్యాంకు యాప్‌లో తెరిచి పెట్టుకుందాం. లేదంటే సరిగ్గా చివరి మెట్టు మీద ఆగిపోతాం.

పద్ధతి

1. ముందు ఒక్క అవసరాన్ని ఎంచుకుందాం. తిండి అయితే మౌయి ఫుడ్ బ్యాంక్ ఉంది. పాత కట్టడాలు, చరిత్ర మీద మనసుంటే లహైనా రెస్టోరేషన్ ఫౌండేషన్ ఉంది. దీర్ఘకాల పునరావాసం కోసం హవాయి కమ్యూనిటీ ఫౌండేషన్ మౌయి స్ట్రాంగ్ అనే నిధిని నడిపింది. అన్నింటికీ తలా కాస్త పంచాలని నాకూ అనిపించేది. అలా చేస్తే ఎక్కడ ఏం జరిగిందో మనకే గుర్తుండదు.

2. సంస్థ నిజమైనదో కాదో చూద్దాం. అమెరికాలో నమోదైన సేవా సంస్థకు 9 అంకెల పన్ను గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఆ దేశపు పన్నుల శాఖ ఐఆర్ఎస్ వెబ్‌సైట్‌లో పేరుతోగాని ఆ సంఖ్యతోగాని వెతకవచ్చు. సంస్థ వెబ్‌సైట్ చిరునామాను మనమే టైప్ చేయాలి. వాట్సాప్‌లో వచ్చిన లింకును నొక్కవద్దు, పంపింది సొంత బావమరిది అయినా సరే.

3. ఫారం నింపుదాం. మొదట దేశం ఎంచుకోండి, తర్వాతే చిరునామా రాయండి. ముందే పిన్‌కోడ్ కొడితే 5 అంకెలే కావాలంటూ ఫారం మొరాయిస్తుంది. ఆ సంస్థ హవాయి అంతటా పనిచేసేదైతే, ఏ నిధికి ఇస్తున్నామో అడిగే గడి దగ్గర ఒక క్షణం ఆగండి. మౌయి అని ఉందా? లేకపోతే డబ్బు వేరే పనికి పోవచ్చు.

4. తొలిసారి చిన్న మొత్తమే పంపి, రసీదు వచ్చేదాకా ఆగుదాం. వచ్చాక తేదీ, మొత్తం, రసీదు సంఖ్య పుస్తకంలో ఎక్కించాలి. ఇండియాలో పన్ను కట్టేవారికి ఈ విరాళం మీద 80జి మినహాయింపు రాదు. అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మనవాళ్లయితే కంపెనీని అడగండి. చాలా కంపెనీలు ఉద్యోగి ఇచ్చినదానికి సమానంగా తామూ కలుపుతాయి, కానీ గడువులోపు అడగాలి.

5. అంతా సవ్యంగా జరిగితే నెలనెలా వెళ్లేలా పెట్టుకుందాం. ఒక్కసారి ఇచ్చే పెద్ద మొత్తం కన్నా ఇదే మేలంటాను. వచ్చే నెల ఎంత వస్తుందో తెలిస్తేనే సంస్థ బియ్యం, జీతాలు లెక్క వేసుకోగలదు.

సందేహం వస్తే ఫోన్ చేయవచ్చు. మనకు రాత్రి 11:30 అయితే అక్కడ అదే రోజు ఉదయం 8.

పొరపాట్లు

అన్నిటికన్నా పెద్దది బట్టల మూట. ఒకసారి మన తీరంలో తుఫాను వచ్చినప్పుడు నేనూ పాత చీరలు, ప్యాంట్లు మూటకట్టి పంపాను. వారం తర్వాత వెళ్తే అలాంటి మూటలే బస్టాండు పక్కన వానలో నానుతున్నాయి. వాటిని ఏరి సర్దే మనుషులకు అప్పటికి వేరే పనులు చాలా ఉన్నాయి. మౌయి చుట్టూ సముద్రం. మూట అక్కడికి చేరే ఖర్చుతో అక్కడే కొత్తది కొనుక్కోవచ్చు. అడగని వస్తువు పంపవద్దు.

రెండోది, చూడటానికి వెళ్లినవారు చేసేది. పశ్చిమ మౌయిని 2023 అక్టోబరు 8 నుంచి పర్యాటకులకు మళ్లీ తెరవడం మొదలుపెట్టారు. వెళ్లవద్దని అనను, అక్కడ చాలామంది బతుకు దాని మీదే. కానీ కాలిన ఇంటి ముందు సెల్ఫీ దిగకండి, మీ వాళ్లెవరైనా పోయారా అని కొట్టు మనిషిని అడగకండి. భోజనం, సరుకులు స్థానికుల దగ్గరే కొనండి.

ఆ ఊరి నడిబొడ్డున ఒక మర్రిచెట్టు ఉంది. ఇండియా నుంచి వెళ్లిన మొక్క, 1873లో నాటారు. మంటల్లో కమిలిపోయింది. నీళ్లు పోసి, కంపోస్టు వేసి కాపాడితే నెలన్నర లోపే చిగుర్లు వేసింది. అక్కడికి వెళ్తే, కంచె ఉంటే దాన్ని బయట నుంచే చూడండి. వెళ్లలేని మనం క్యాలెండర్‌లో ఆగస్టు 8 దగ్గర ఇప్పుడే గుర్తు పెట్టుకుందాం. ఆ రోజున పాత రసీదు తీసి, నెలనెలా డబ్బు వెళ్తోందో కార్డు గడువు తీరి ఆగిపోయిందో చూసుకోవాలి.