నిర్జలీకరణకు లోనైన గొర్రె పిల్లల్లో ఎముక లోపలి రక్త ప్రసరణ: రక్తపోటును మార్చే ఔషధాల ప్రభావం

తనకల్లు మండలం కదిరి–మదనపల్లె మార్గంలో ఉన్న మెట్ట ప్రాంతం. 2022 ఏప్రిల్ వరకు ఇది అనంతపురం జిల్లాలో ఉండేది. ప్రస్తుతం శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నది. ఉమ్మడి జిల్లా సాధారణ వార్షిక వర్షపాతం సుమారు 550 మి.మీ. మాత్రమే. వర్షాధార వేరుశనగ చేతికి రాని ఏడాది అనేక కుటుంబాలకు మిగిలే ఆధారం గొర్రెల మంద. వేసవిలో పారుడు సోకి, ఒంట్లో నీరు తగ్గి పడిపోయిన పిల్లకు మెడ సిర అణగిపోయి సూదికి దొరకదు. అటువంటి స్థితిలో ద్రవాన్ని ఎక్కించడానికి మిగిలే మార్గం ఎముక మూలుగ.

ఎముకకు రక్తం ప్రధానంగా పోషక ధమని ద్వారా, కొంత పర్యస్థిక, అంత్య ధమనుల ద్వారా చేరుతుంది. మూలుగలోని పలుచని రక్తకోటరాలు గట్టి ఎముక గోడల మధ్య ఇమిడి ఉండటం వల్ల, శరీరంలో రక్త పరిమాణం తగ్గినా సిరల వలె ముడుచుకుపోవు. మాంసపు దుకాణంలో అడిగి తీసుకునే మూలుగ ఎముకను చూసినవారికి ఈ నిర్మాణం వేరుగా వివరించనక్కరలేదు. క్షీరదాల మూలుగలోని రక్త ప్రసరణను డ్రింకర్, ఆయన సహచరులు 1922లోనే ప్రయోగాత్మకంగా వివరించారు.

ఎముక లోపలి పీడనం సాధారణంగా ధమని పీడనంలో సుమారు పావు నుంచి మూడో వంతు ఉంటుంది. రక్తపోటు పెరిగితే ఇదీ పెరుగుతుందని విద్యార్థులు తరచూ భావిస్తారు. అడ్రినలిన్ విషయంలో జరిగేది ఇందుకు విరుద్ధం. ఈ ఔషధం శరీర రక్తపోటును పెంచుతుంది, కాని ఎముకలోని సన్నని ధమనులను ఆల్ఫా గ్రాహకాల ద్వారా బిగిస్తుంది. అందువల్ల ఎముకకు రక్త ప్రవాహం తగ్గి, లోపలి పీడనం పడిపోతుంది. రక్తనాళాలను వ్యాకోచింపజేసే ఔషధాన్ని నేరుగా పోషక ధమనిలోకి ఇస్తే మూలుగ పీడనం పెరుగుతుంది. అదే ఔషధం శరీరమంతటా పనిచేసి రక్తపోటును బాగా దించితే మూలుగ పీడనం కూడా తగ్గవచ్చు. రక్తస్రావంలోనూ పీడనం తగ్గుతుంది. ఇక కాలి సిరను అదిమి పట్టినప్పుడు రక్తం బయటకు పోలేక పీడనం పెరుగుతుంది, ప్రవాహం మాత్రం మందగిస్తుంది. కనుక పీడనపు అంకెను ఒక్కదానినే చూసి ప్రవాహాన్ని నిర్ణయించరాదు. ఈ రెండింటినీ ఒకటిగా భావించడమే ఈ విషయంలో ఎక్కువగా జరిగే పొరపాటు.

ఈ అవగాహన క్షేత్రస్థాయిలో అవసరమైనది. గొర్రెలను మత్తులో ఉంచడానికి వాడే జైలజీన్ మొదట రక్తనాళాలను బిగించి, ఆ తరువాత రక్తపోటును, గుండె వేగాన్ని తగ్గిస్తుంది. గొర్రెల్లో ఊపిరితిత్తులకు నీరు చేరే ప్రమాదమూ ఉన్నది. నీరు తగ్గిన పిల్లకు, ద్రవం ఎక్కించక ముందే, దీనిని ఇవ్వడం ప్రాణాపాయం. ఎసిప్రొమజీన్ కూడా రక్తపోటును దించుతుంది. సూది గుచ్చే నొప్పికి చర్మం, ఎముక పొర వద్ద లిగ్నోకైన్ ఇస్తే సరిపోతుంది.

పది కిలోల పిల్లలో 8 శాతం లోటు ఉన్నదంటే 800 మి.లీ. ద్రవం కావాలి. షాక్‌లో ఉన్నప్పుడు కిలోకు 20 మి.లీ. చొప్పున 200 మి.లీ. గోరువెచ్చని రింగర్స్ లాక్టేట్‌ను మొదటి విడతగా ఇచ్చి, నాడి, చిగుళ్ల రంగు చూసి మిగిలినది నిర్ణయించాలి. మూలుగ నిరోధం వల్ల బాటిల్‌ను ఎత్తుగా వేలాడదీసినా ద్రవం నెమ్మదిగా దిగుతుంది. సిరంజితోనో, సంచిని అదిమియో పంపాలి. అడ్రినలిన్‌ను ఈ మార్గంలో ఇవ్వవలసి వస్తే వెంటనే సెలైన్‌తో తోయాలి, లేకుంటే బిగిసిన నాళాల్లో మందు నిలిచిపోతుంది. ముంగాలి భుజాస్థి, తొడ ఎముక పైభాగం, టిబియా లోపలి చదునైన భాగం అనువైన స్థానాలు. పెరుగుదల పలకను తప్పించి, పూర్తి శుభ్రతతో సూదిని దించాలి. కాలు ఉబ్బితే ద్రవం బయటకు కారుతున్నట్లు గ్రహించి సూది తీసివేయాలి. ఒకసారి రంధ్రం పడిన ఎముకలోనే మళ్ళీ గుచ్చితే ద్రవం పాత రంధ్రం గుండా కారిపోతుంది కనుక రెండో ప్రయత్నానికి మరో కాలును ఎంచుకోవాలి.