చరిత్ర తరగతిలో బసవేశ్వరుని పాఠము

ప్రభుత్వ పాఠశాలలో మతమును గూర్చి చెప్పవచ్చునా, చెప్పరాదా యను ప్రశ్న మన మఠములలోను, ఇండ్లలోను తఱచుగా వినబడుచున్నది. పూర్తిగా ప్రభుత్వ ద్రవ్యముతో నడచు విద్యాసంస్థలలో మతబోధను రాజ్యాంగము 28వ అధికరణము నిషేధించినది. దీనినిబట్టి బసవేశ్వరుని పేరెత్తుటయే దోషమని కొందఱు తలంతురు. అది సరికాదు. మతబోధ వేఱు, మతములను గూర్చిన విద్య వేఱు అని 1964–66 నాటి కొఠారీ కమిషను వివరించినది. గురునానక్ జీవితమును, ఉపదేశములను అధ్యయనము చేయుట మతబోధ కాదని 1971లో డి.ఎ.వి. కళాశాల వ్యాజ్యెమున సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది.

లింగపూజ చేయుమని విద్యార్థిని ఆదేశించుట బోధ. 12వ శతాబ్దిలో కల్యాణమున శరణులు ఇష్టలింగమును ధరించి కులభేదమును నిరాకరించిరని చెప్పుట చరిత్ర.

అయితే చిక్కంతయు చెప్పు తీరులో నున్నది. బసవేశ్వరుని ఉపనయన ఘట్టమునే చూడుడు. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున బాలబసవుడు ఉపనయనమునే వలదనును. హరిహరుని కన్నడ రగళెలోనో, యౌవనమున జన్నిదమును త్యజించి కూడలసంగమమున కేగును. 2022లో కర్ణాటకమున తొమ్మిదవ తరగతి సాంఘికశాస్త్ర పాఠమున ఈ ఘట్టమును మార్చి వ్రాయగా, మఠాధిపతులు పలువు రభ్యంతరము తెలిపిరి. ప్రభుత్వము మరల సవరింప నంగీకరించినది. వారి యావేదన న్యాయమైనదే. జన్నిదమును విడుచుట యను మాట తొలగినచో బసవేశ్వరుని జీవితమునకు ఇరుసే తొలగినట్లగును. కాని ఒక వాక్యమునకు బదులు మఱియొక వాక్యము పెట్టినంత మాత్రమున పాఠము చక్కబడదు. ఇద్దఱు కవులు రెండు విధములుగా చెప్పిరని పిల్లలకు తెలుపుటయే నా మతమున ఉత్తమ మార్గము. తొమ్మిదవ తరగతి బాలునకు ఆ మాత్రము గ్రహించు శక్తి లేకపోలేదు!

కవుల మాటకు తోడుగా శాసనములును గలవు. 1260 నాటి అర్జునవాడ శాసనము బసవరాజును బాగేవాడి మాదిరాజు తనయునిగా పేర్కొనుచున్నది. సోమనాథుడును తండ్రి పేరు మాదిరాజనియే చెప్పెను. పురాణమును, శిలయు నిట్లు కలిసిన చోటును చూపినచో విద్యార్థికి ఆధారమన నేమో బోధపడును.

బిజ్జలుని మరణము మఱింత కఠినమైన ఘట్టము. వీరశైవ గ్రంథముల కథ యొకటి, జైనుల కథ వేఱొకటి. తరగతిలో జైన బాలుడును కూర్చుండి యుండవచ్చును. మన కథను మాత్రమే చెప్పి ఊరకుండుట వానికి అన్యాయము.

ఇంకొక సూక్ష్మము. ఇతర మతముల మహిమలను చెప్పునపుడు “అని వారు విశ్వసింతురు” అని ముగించు ఉపాధ్యాయుడు, తన మతమువంక వచ్చునప్పటికి “జరిగెను” అనును. నొసట విభూతి ధరించి పాఠము చెప్పుటలో తప్పు లేదు. క్రియాపదమును మార్చుటలో తప్పున్నది. శరణుల మహిమలను నిజమని చెప్పుటకు మఠమున్నది, తల్లిదండ్రులున్నారు.

కనుక బడిలో ఈ పాఠము జరిగిన నాటి రాత్రి బసవపురాణమున ఆ ఘట్టమును తీసి బిడ్డచేత చదివింపుడు. పాఠ్యపుస్తకమును ప్రక్కనే తెఱచి యుంచుడు. రెంటికిని గల భేదమును వానినే చెప్పనిండు.