అంతర్జాలంలో ప్రజారోగ్య పాఠం

వైద్యవిద్య వేరు, ప్రజారోగ్య విద్య వేరు. వైద్యుడు తన యెదుటకు వచ్చిన రోగిని పరీక్షిస్తాడు. ప్రజారోగ్య కార్యకర్త రాని రోగిని వెదుక్కుంటూ పోతాడు. ఈ భేదాన్ని గుర్తించక తయారుచేసిన పాఠ్యక్రమం తరగతి గదిలో చెప్పినా, ఆన్‌లైన్‌లో చూపినా సగం పాఠమే అవుతుంది.

ఉదాహరణకై దూరదేశాలకు పోనక్కరలేదు. మదనపల్లె చెంత ఆరోగ్యవరంలో గత శతాబ్దపు రెండవ దశకంలోనే క్షయ చికిత్సాలయం వెలసింది. 1948లో మన దేశంలో బి.సి.జి. టీకాను తొలుత ప్రయోగాత్మకంగా వేసిన కేంద్రాలలో మదనపల్లె ఒకటి. 1950-55 మధ్య డాక్టర్ ఫ్రిమోట్-మోలర్ బృందం ఆస్పత్రి గడప దాటి చుట్టుపట్ల పల్లెలలో క్షయవ్యాప్తిని పరిశీలించింది. ఆ తరువాత, ఇంటివద్దనే మందులు వాడిన పేదరోగులు శానిటోరియంలో ఉన్నవారికి తీసిపోకుండా కోలుకున్నారని మద్రాసు క్షయ పరిశోధన కేంద్రం 1959లో నిరూపించింది. అప్పటినుండి అసలు ప్రశ్న మంచాల సంఖ్య కాదు. రోగి చివరిదాకా మందు మింగేటట్లు చూచేదెవరు అన్నది. ఈ ప్రశ్నను తెరమీద ఎట్లా బోధించాలి?

దూరవిద్య మనకు కొత్త కాదు. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం (నేటి అంబేద్కర్ విశ్వవిద్యాలయం), 1998లో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి. 2017లో 'స్వయం' వేదిక ప్రారంభమైంది. 2021 నాటి యు.జి.సి. నిబంధనలు ఒక సెమిస్టరులోని కోర్సులలో నలభై శాతం వరకు దాని ద్వారా చదువుకొనే వీలు కల్పించాయి. దారి ఉన్నది. కాని గంటసేపటి ఉపన్యాసాన్ని చిత్రీకరించి పెట్టడమే పాఠ్యక్రమమని పలువురు భావించడం విచారకరం. తరగతిలో కునికే విద్యార్థి సెల్‌ఫోను ముందు మేలుకొని ఉంటాడనే నమ్మకం నాకు లేదు.

పాఠం చిన్నదిగా ఉండాలి; పని పెద్దదిగా ఉండాలి. కుప్పం నుండి రైలెక్కి బెంగుళూరుకు కూలికి పోయే మనిషికి క్షయ సోకిందనుకొందాం. సాధారణ క్షయకు ఆరు నెలల చికిత్స. మూడు రాష్ట్రాల సరిహద్దున నివసించే ఆ మనిషికి మూడవ నెలలో మందు ఎక్కడ అందుతుంది? సమీప ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి, అడిగి తెలుసుకొని విద్యార్థి జవాబు వ్రాయాలి. నాలుగు జవాబులలో ఒకటి గుర్తించే పరీక్ష దీనికి చాలదు.

భాష మరొక సమస్య. గ్రంథంలో 'రాజయక్ష్మ' అని ఉంటుంది, ఉర్దూ పుస్తకంలో 'తపేదిఖ్'. ఇంటిలో మాత్రం 'టీబీ' అంటారు, అదీ గొంతు తగ్గించి. పెళ్ళికావలసిన పిల్లకు జబ్బని తెలిస్తే సంబంధాలు రావని దాచే కుటుంబాలు ఉన్నాయి. కనుక వీధిలో సమాచారం సేకరించే విద్యార్థి రోగుల పేర్లు వ్రాసుకోరాదు, అడుగరాదు. ఈ నియమం మొదటి పాఠంలోనే ఉండాలి.

హైదరాబాదుకు పంపి హాస్టలులో ఉంచి చదివించలేని తల్లిదండ్రులు మన ఆడపిల్లల విషయంలో ఎక్కువ. వారికి ఈ మార్గం నిజంగా తలుపు తెరవగలదు. అయితే ఇంటికంతటికీ ఒకే ఫోను ఉన్నచోట, అది తండ్రితోపాటు పనికి పోయినప్పుడు, పాఠం కూడా పోతుంది. అందుచేత ప్రతి పాఠానికీ తెలుగులోను, ఉర్దూలోను అచ్చుప్రతి ఉండి తీరాలి.

కళాశాల కమిటీవారు ముందుగా ఒక్క జబ్బు, నాలుగు వారాలు, ఇరవైమంది విద్యార్థులతో ఈ ప్రయత్నం చేయించవచ్చు. క్షయతోనే మొదలుపెడితే ఆరోగ్యవరం మనకు దగ్గరే.