కెనడా రాష్ట్రముల ప్రీమియర్లు

కెనడా యను పేరు మన తీరప్రాంతపు వారికి క్రొత్త గాదు. 1874వ సంవత్సరమున కెనడా బాప్టిస్టు మిషనువారు కాకినాడలో పని ప్రారంభించినది మొదలు, ఉత్తరమున శ్రీకాకుళము వరకు ఆ దేశపు ఉపాధ్యాయులును వైద్యులును వచ్చి పనిచేసిరి. అంటారియో, నోవాస్కోషియా యను పేర్లు మన పెద్దలు బాల్యమందే వినియుండిరి. అయినను ఆ రాష్ట్రములను పాలించిన మంత్రులెట్టివారు, వారి రాజకీయ జీవితము ఏ త్రోవను నడచినది అను సంగతి మన పాఠ్యపుస్తకములలో కానరాదు. పౌరశాస్త్ర పాఠమున మన ముఖ్యమంత్రుల అధికారములను చదువునప్పుడు విద్యార్థులు పోల్చి చూచుకొనుటకు పనికివచ్చునని ఈ వ్యాసమును వ్రాయుచున్నాను.

1867వ సంవత్సరము జూలై 1వ తేదీన అంటారియో, క్వెబెక్కు, నోవాస్కోషియా, న్యూబ్రన్స్‌విక్కు అను నాలుగు రాష్ట్రములు కలిసి కెనడా సమాఖ్యగా నేర్పడినవి. తరువాత ఒక్కొక్కటిగా చేరగా, 1949లో న్యూఫౌండ్‌లాండుతో రాష్ట్రముల సంఖ్య పది యైనది. ఇవి గాక ఉత్తరమున మూడు మంచుప్రాంతములు వేరుగా నున్నవి. రాష్ట్రమునందలి ముఖ్యమైన మంత్రికి ప్రీమియరని పేరు. ఈ పేరును మనవారును ఎరుగుదురు. 1937లో చక్రవర్తి రాజగోపాలాచారిగారును, 1946లో టంగుటూరి ప్రకాశం పంతులుగారును చెన్నపట్టణమున ప్రభుత్వము నడపినప్పుడు వారిని ప్రీమియర్లనియే పిలిచిరి. శాసనసభలో ఎక్కువమంది సభ్యుల నమ్మకము గలవానిని లెఫ్టినెంటు గవర్నరు పిలిచి ఆ పదవి నిచ్చును. సభ నమ్మకము పోయినచో పదవియు పోవును.

ఇక అధికారముల పంపకము. దీనిని బాలురు శ్రద్ధగా గమనింపవలెను. ఈ వ్యాసములోని తక్కిన కథలన్నియు దీనిపై నాధారపడి యున్నవి. నాణెములు, బ్యాంకులు, సైన్యము, అంతర్జాతీయ వ్యాపారము ఆటవాలోని కేంద్ర ప్రభుత్వమునకు చెందినవి. ఆసుపత్రులు, పాఠశాలలు, పురపాలనము, ఆస్తి హక్కులు రాష్ట్రములవి. పేర్కొనబడక మిగిలిన యధికారములు కేంద్రమునకే చెందును. మన రాజ్యాంగమును రచించినవారు మిగులు అధికారములను కేంద్రమున కుంచుటలో ఈ కెనడా పద్ధతినే యనుసరించిరి. కావున ఒక ప్రీమియరు ఎంత వాగ్ధాటి గలవాడైనను, ప్రజలు ఎన్ని వోట్లు కురిపించినను, తన రాష్ట్రము చేతిలో లేని దానిని ఈయజాలడు. చేతిలో నున్న దానిని ఎరిగినవాడు మాత్రము ఆశ్చర్యకరమైన పనులు చేయగలడు.

రాష్ట్రమును చక్కగా పాలించినవాడు దేశప్రధాని యగుట సహజమని మన మనుకొందుము. కెనడాలో అట్లు జరుగలేదు. సమాఖ్య యేర్పడిన నాటినుండి రాష్ట్ర ప్రీమియరుగా నుండి దేశప్రధానియైనవారు ఇద్దరే. ఇరువురును నోవాస్కోషియా వారే. బాప్టిస్టు బోధకుని కుమారుడును, ఎడింబరోలో చదివిన వైద్యుడును నగు చార్లెసు టప్పరు 1864నుండి 1867వరకు ప్రీమియరుగా నుండి తన రాష్ట్రమున ఉచిత పాఠశాలల చట్టమును తెచ్చెను. పాఠశాలకై పన్నా యని జనులు కోపగించిరి గాని ఆయన వెనుదీయలేదు. అట్టివాడు 1896లో దేశప్రధానియై 69 దినములు మాత్రమే ఆ పదవిలో నుండెను! జాన్ థాంసను 1882లో రెండు నెలలైన నిండకుండ ప్రీమియరుగా నుండి, 1892లో ప్రధానియై, రెండు సంవత్సరముల పిమ్మట ఇంగ్లాండునకు పోయి అచ్చట విండ్సరు కోటలోనే మరణించెను. తక్కిన ప్రీమియర్లకు ఆ త్రోవ మూసికొనిపోయెను. ఒక రాష్ట్రమునకై గట్టిగా పోరాడినవానిని ఇతర రాష్ట్రములు అనుమానముతో చూచుటయే ఇందుకు కారణమని నాకు తోచుచున్నది.

ఆ పోరాటమున మొదటివాడు అంటారియోను 1872నుండి 1896వరకు పాలించిన ఆలివరు మోవట్టు. దేశపు మొదటి ప్రధాని జాన్ మాక్డోనాల్డు న్యాయవాదిగా నున్నప్పుడు ఈయన ఆయన కార్యాలయముననే పనినేర్చుకొనెను. పిమ్మట ఆ గురువు కేంద్రమునకు అధికారమంతయు లాగుకొనజూడగా, శిష్యుడు లండనులోని ప్రీవీ కౌన్సిలు వరకు వ్యాజ్యములు నడిపి రాష్ట్రముల హక్కులను నిలబెట్టెను. ఇది న్యాయవాదులకు రుచించు కథ; మనము పశ్చిమమునకు పోవుదము.

1929లో మొదలైన ఆర్థిక మాంద్యము కెనడా పశ్చిమ మైదానములను మిక్కిలి బాధించినది. గోధుమ ధర పడిపోయెను. దానిపై అనావృష్టి కలిగి, ఎండిన నేలలోని మన్ను గాలికి లేచి యాకాశమును కప్పెను. ఆ కష్టకాలమున ఆల్బర్టా, సస్కాచెవాను అను పొరుగు రాష్ట్రములలో ఇద్దరు బోధకులు రాజకీయములలోనికి వచ్చిరి.

ఆల్బర్టాలో విలియం ఎబర్‌హార్టు అనునతడు 1915నుండి కాల్గరీ పట్టణమున క్రెసెంటు హైట్సు హైస్కూలునకు ప్రధానోపాధ్యాయుడు. 1925నుండి ఆదివారములందు రేడియోలో బైబిలు ప్రసంగములు చేయుచుండెను. మంచుకాలమున దూరదూరముగా నున్న వ్యవసాయకుల యిండ్లలో ఆ కంఠము వినబడని యిల్లు అరుదు. 1932లో మేజరు డగ్లసు అను ఆంగ్లేయుడు ప్రతిపాదించిన ‘సోషలు క్రెడిటు’ సిద్ధాంతము ఆయన కంటబడెను. జనులయొద్ద సరకులు కొనుటకు చాలినంత ధనము లేకపోవుటయే కష్టములకు మూలము గనుక ప్రభుత్వమే ఆ ధనమును పంచవలె నని దాని సారాంశము. వయస్సు వచ్చిన ప్రతివానికి నెలకు 25 డాలర్లు ఇత్తుమని ఎబర్‌హార్టు ప్రకటించెను. తినుటకు లేని రైతునకు ఆ మాట ఎట్లు వినబడియుండునో ఊహింపుడు. 1935 ఆగష్టు నెల ఎన్నికలలో ఆయన పక్షము 63 స్థానములలో 56 గెలిచెను. ఆయన స్వయముగా పోటీచేయనేలేదు. తరువాత ఉపయెన్నికలో సభకు వచ్చెను.

ఆ 25 డాలర్లు ఎవరికిని ముట్టలేదు. ధనమును సృష్టించుటయు బ్యాంకులను శాసించుటయు ఆటవా పనియని మనము పైన చదివితిమి గదా! 1936లో ‘అభివృద్ధి పత్రములు’ అను కాగితములను డబ్బునకు బదులుగా పంచిరి. వారము వారము ఒక సెంటు బిళ్ళ నంటించిననే గాని అవి చెల్లవు. వర్తకులు వానిని తీసుకొనుటకు జంకిరి. 1937లో బ్యాంకులమీద చేసిన చట్టములను కేంద్రము రద్దుచేసెను. పత్రికలను అదుపులో పెట్టు బిల్లుతోగూడ మూడు బిల్లులను లెఫ్టినెంటు గవర్నరు సంతకము చేయక నిలిపివేసెను; వానిని 1938లో సుప్రీముకోర్టు చెల్లవని తీర్పు చెప్పెను. నచ్చని సభ్యుని వోటర్లు వెనుకకు పిలుచు హక్కును ఆయన ప్రభుత్వమే చట్టము చేసియుండెను. తీరా ఆయన నియోజకవర్గపు వోటర్లు ఆయననే పిలుచుటకు సంతకములు సేకరింపగా, ఆ చట్టమునే తీసివేసిరి.

ఆయనను మోసగాడని నేను తలంపను. చిన్న చిన్న పాఠశాలా మండలములను కలిపి పెద్దవి చేయుట, ఋణగ్రస్తులైన రైతుల యిండ్లు పోకుండ కాపాడుట అను పనులు ఆయన కాలముననే జరిగినవి. అవి రాష్ట్రము చేతిలోనివి గనుక సాగినవి. 1943లో ఆయన గతింపగా, ఆయన స్థాపించిన బైబిలు పాఠశాలలో మొదటి పట్టభద్రుడైన ఎర్నెస్టు మానింగు ప్రీమియరై 1968వరకు 25 సంవత్సరములు పాలించెను. 1947లో లెడ్యూకునొద్ద నూనెబావి పడినది. గనుల హక్కు 1930నుండి రాష్ట్రమునకు సంక్రమించి యుండుటచే ఖజానా నిండినది. గురువుగారి సిద్ధాంతమును శిష్యుడు మెల్లగా మూలకు చేర్చెను.

సస్కాచెవాను కథ వేరు. టామీ డగ్లసు (పైని మేజరు డగ్లసుతో ఈయనకు చుట్టరికము లేదు) 1904లో స్కాట్లండులో పుట్టి, బాల్యమున తలిదండ్రులతో విన్నిపెగ్గు పట్టణమునకు వచ్చెను. మోకాలియెముకకు చీము పట్టి, కాలు తీసివేయుటయే శరణ్యమని వైద్యులనిరి. తండ్రి కూలివాడు, గొప్ప వైద్యునికి చూపు స్తోమతు లేదు. ఒక శస్త్రవైద్యుడు, తన విద్యార్థులు చూచి నేర్చుకొనుట కంగీకరించినచో ఉచితముగా చికిత్స చేసెదననెను. కాలు నిలిచినది. ఆ కాలితోనే డగ్లసు 1922లో మానిటోబా రాష్ట్రపు తేలికబరువు మల్లయుద్ధములలో, అనగా బాక్సింగులో, మొదటివాడయ్యెను! ఆ వైద్యుడు ఆ దినమున ఆ దారిని పోకున్నచో తన గతి యేమి, పేదవాని బిడ్డ కాలు అదృష్టముపై నాధారపడవలెనా యని ఆయన జీవితాంతము అడుగుచుండెను.

అచ్చుపనివాడుగా నుండి, బ్రాండను కళాశాలలో చదివి, 1930లో వేబర్ను అను చిన్నపట్టణమున బాప్టిస్టు సంఘమునకు బోధకుడయ్యెను. కరవును అచ్చట కన్నులార చూచెను. 1934లో శాసనసభకు నిలిచి ఓడిపోయి, 1935లో పార్లమెంటు సభ్యుడై, 1944లో దానిని విడిచి తన పక్షమును నడిపించి 47 స్థానములతో ప్రీమియరయ్యెను. ఆర్థికమంత్రిగా క్లారెన్సు ఫైన్సు అను ఉపాధ్యాయుని నియమించి, ముందు అప్పులు తీర్చు పనికి పూనుకొనిరి. 1947 జనవరి 1వ తేదీనుండి రాష్ట్రమునందలి వారందరికి ఆసుపత్రి భీమా ప్రారంభమైనది: సంవత్సరమునకు తలకు 5 డాలర్లు, కుటుంబమునకు 30 డాలర్లకు మించకుండ చందా, ఆసుపత్రిలో చేరినవాడు బిల్లు చెల్లింపనక్కరలేదు. ఇది ఆకాశమునుండి ఊడిపడిన యూహ గాదు. అచ్చటి సార్నియా అను గ్రామమండలమువారు 1915 ప్రాంతముననే పన్నులనుండి జీతమిచ్చి తమకొక వైద్యుని పెట్టుకొనియుండిరి. పల్లెజనులు చేసికొన్న యేర్పాటును డగ్లసు రాష్ట్రమంతటికి విస్తరింపజేసెను. 1957లో కేంద్రమే ఆసుపత్రి భీమాలో ఖర్చు పంచుకొనుటకు చట్టము చేసినది.

ఆసుపత్రి ఖర్చు తీరినను వైద్యుని ఫీజు మిగిలియుండెను. దానిని గూడ ప్రజాధనమునుండి చెల్లింతుమని 1960 ఎన్నికలలో చెప్పి డగ్లసు గెలిచెను. కాని పని పూర్తికాకమునుపే, 1961లో, జాతీయ స్థాయిలో క్రొత్తగా నేర్పడిన న్యూ డెమొక్రాటికు పక్షమునకు నాయకుడై వెడలిపోయెను. బరువు వుడ్రో లాయిడు భుజములపై బడెను.

ఈ లాయిడును గూర్చి నా తోటి ఉపాధ్యాయులకు ప్రత్యేకముగా చెప్పవలెనని యున్నది. ఆయన బడిపంతులు, ఉపాధ్యాయ సమాజమునకు అధ్యక్షుడు. ముప్పదియేండ్ల ప్రాయముననే డగ్లసు మంత్రివర్గమున విద్యామంత్రియై పదునారేండ్లు ఆ శాఖను నడిపెను. డగ్లసువలె సభను నవ్వించు నేర్పు ఆయనకు లేదు. 1962 జూలై 1వ తేదీన వైద్య భీమా చట్టము అమలులోనికి రాగా, ఆ దినముననే రాష్ట్రములోని వైద్యులలో అధికసంఖ్యాకులు తమ వైద్యశాలలను మూసివేసిరి. ప్రభుత్వము తమకు యజమాని యగునని వారి భయము. తల్లులు బిడ్డల నెత్తుకొని, ‘మా వైద్యులను మాకుంచుడు’ అని ఊరేగిరి. పత్రికలలో అధికభాగము లాయిడును దూషించినవి. ఆయన బ్రిటనునుండి వైద్యులను రప్పించెను. చట్టమును మాత్రము వెనుకకు తీసికొనలేదు. ఇరువది మూడు దినములు గడచిన పిమ్మట, లార్డు టేయిలరు అను ఆంగ్ల వైద్యుని మధ్యవర్తిత్వముతో జూలై 23న సాస్కటూనులో ఒడంబడిక కుదిరెను. వైద్యులు ప్రభుత్వ నౌకర్లు గారు, చేసిన పనికి ఫీజు పొందుదురు, ఇష్టములేనివారు పథకమునకు వెలుపల నుండవచ్చును; చట్టము నిలుచును. ఇరుపక్షముల వారును కొంత విడిచిరి గాని రోగికి రావలసినది రోగికి దక్కినది.

ఇందుకు చెల్లించిన వెల చిన్నది గాదు. 1962 జూను నెలలోనే డగ్లసు రిజైనా నగరమున పార్లమెంటు స్థానమునకు నిలిచి ఓడిపోయి, వేరొక రాష్ట్రమునుండి సభకు పోవలసివచ్చెను. 1964లో లాయిడు ప్రభుత్వమును ప్రజలు దించిరి. గెలిచి వచ్చిన లిబరలు ప్రీమియరు రాసు థాచరు వైద్య భీమాను ఎత్తివేయలేదు. కొంతకాలము రోగులపై చిన్న రుసుము పెట్టెను గాని దానిని 1971లో వచ్చిన ప్రభుత్వము తీసివేసినది. 1966లో పార్లమెంటు దేశమంతటికి అట్టి చట్టమునే చేసెను. ఆ దేశవ్యాప్త పథకమునకు 2004నుండి 2006వరకు కావలిగా నుండిన కేంద్ర ఆరోగ్యమంత్రి, పంజాబులో పుట్టి 2000లో బ్రిటిషు కొలంబియా ప్రీమియరైన ఉజ్జలు దోసాంజు అని మన పిల్లలు తెలిసికొనుట బాగు.

లాయిడు 1970లో పక్షనాయకత్వమును విడిచి, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి శాఖలో చేరి కొరియాకు పోయెను. 1972లో సియోలు నగరమున ఆయన మరణించు నాటికి, కెనడాలోని పది రాష్ట్రములును ఆ వైద్య భీమాలో చేరియుండెను.