వెలగల పాఠములు – వెలలేని పాఠములు

చిత్రకళ నేర్వగోరు బాలునకు గంపలగూడెమువంటి గ్రామమున పూర్వము దారులు ఎక్కువగా లేవు. పాఠశాలలో డ్రాయింగు మాస్టరుగారున్నచో వారియొద్ద కూర్చుండవలెను. లేనిచో విజయవాడకు పోవలెను. నేడట్లు కాదు. ఇంటనున్న ఫోనులోనే దేశదేశముల చిత్రకారులు తమ పనితనమును చూపుచున్నారు. కాగితము, రంగులు లేకుండ గాజుపలకపై గీయు డిజిటల్ చిత్రలేఖనమును సైతము ఇట్లు నేర్చుకొనవచ్చును. ఈ వీడియో పాఠములలో కొన్ని ఉచితములు. కొన్ని రుసుము చెల్లించినగాని తెరువబడవు. మిరపకాయల కోతకు పోయి కూడబెట్టిన ధనమును దీనికై వెచ్చింపవచ్చునా యని తల్లిదండ్రులు నన్ను అడుగుచుందురు. వారికి అది చిన్న ప్రశ్న కాదు.

మొదట ఆ విద్య యెట్టిదో తెలిసికొనవలెను. దీనికి ఒక పలకయు, దానికి తగిన కలమును కావలెను. కలమును గట్టిగా నొక్కిన గీత లావుగను, మెల్లగా నొక్కిన సన్నగను పడును. చిత్రమును పొరలు పొరలుగా గీయుట ఇందలి విశేషము. ఆకాశము ఒక పొర, చెట్టు మరియొక పొర, చెట్టుక్రింది ఆవు వేరొక పొర. ఆవు నచ్చనిచో చెట్టు చెడకుండ ఆవునే తుడిచివేయవచ్చును. తప్పుగీతను ఒక్క మీటతో రద్దు చేయవచ్చును. (ఈ సౌకర్యమువలన గీయుటకు ముందు ఆలోచించు అలవాటు కొందరిలో తగ్గుచున్నదని నా అభిప్రాయము.) పనిముట్లలో కూడ వెల గలవి, లేనివి అను భేదమున్నది. 1990లో వెలువడిన ఫోటోషాప్ నేడు చందా కట్టి వాడుకొనవలసినది. 1995లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయ విద్యార్థు లిద్దరు ఆరంభించిన గింప్ ఉచితము. చిత్రలేఖనమునకే ప్రత్యేకముగా తీర్చబడిన క్రిటాయు ఉచితమే. ఇది పిల్లల ఆట యని తలపవలదు. ఇంగ్లండు దేశపు ప్రసిద్ధ చిత్రకారుడు డేవిడ్ హాక్నీ డెబ్బది యేండ్లు దాటిన పిమ్మట ఫోనుమీదను, 2010 నుండి ఐప్యాడుమీదను చిత్రములు గీసెను.

ఇక బోధన మాట. రాజమహేంద్రవరపు ప్రభుత్వ కళాశాలకు ప్రధానాచార్యుడుగా నుండిన ఆస్వాల్డ్ కూల్డ్రే దొరకు చిత్రలేఖనము నేర్పుట ఉద్యోగధర్మము కాదు. అయినను దామెర్ల రామారావు (1897–1925) బాల్యమున గీసిన బొమ్మలను చూచి, అతని ప్రతిభను గుర్తించి, బొంబాయిలోని జె.జె. చిత్రకళాశాలకు పోవుటకు తోడ్పడెను. అడివి బాపిరాజు కూడ ఆ దొర శిష్యుడే. రామారావు విద్య ముగించి వచ్చి, రాజమహేంద్రవరముననే చిత్రకళాశాలను నెలకొల్పి, తాను నేర్చినదానిని ఇతరులకు పంచెను. 28వ యేటనే ఆయన మరణింపగా, మిత్రుడు వరద వెంకటరత్నము ఆ పనిని సాగించెను. విద్యార్థులారా! కూల్డ్రే చేసిన మేలు ఎట్టిదో గమనింపుడు. ఆయన బాలుని బొమ్మను చూచెను. బొమ్మ గీసి చూపుట వేరు, ఇతరుడు గీసిన బొమ్మను చూచి చెప్పుట వేరు. వీడియో మొదటి పని చేయగలదు. రెండవది దానికి చేతకాదు.

ఉచిత పాఠములలో మంచివి లేకపోలేదు. మ్యాట్ కోర్ అను చిత్రకారుడు కంట్రోల్ పెయింట్ అను పేర చిన్నచిన్న పాఠములను వరుసగా కూర్చి, ఉచితముగా చూడనిచ్చెను. వెలగల పాఠములను కూడ వేరుగా నుంచెను. ఇట్టి వరుస అన్నిచోట్ల నుండదు. నేడు ముక్కు గీయుట, రేపు మేఘము, ఎల్లుండి పులి! మూడు గంటల పనిని మూడు నిమిషములకు కుదించి పరుగెత్తించు వీడియోలు గారడివలె వినోదమే గాని, వానివలన చేతికి ఏమియు రాదు. నడుమ ప్రకటనలు. ఒకటి ముగియకముందే మరియొకటి రమ్మని పిలుచును. ధనము పోదు, సాయంకాలము పోవును.

రుసుము పాఠములలో సాధారణముగా వరుస యుండును, అభ్యాసము లుండును. అయితే రుసుము పుచ్చుకొను వారందరును ఒకే సరకును అమ్ముటలేదు. కొందరు ముందుగా తీసి యుంచిన వీడియోలను మాత్రమే అమ్ముదురు. మరికొందరు విద్యార్థి చిత్రమును తెప్పించుకొని, దిద్ది, చేయి పొడవైనదనియో మెడ కురుచయైనదనియో చెప్పి పంపుదురు. రెండవదానికి వెల హెచ్చుట న్యాయమే. అందు ఒక మనుష్యుని కాలము వ్యయమగుచున్నది. కేంద్రప్రభుత్వము 2017లో ఆరంభించిన ‘స్వయం’ అను విద్యావేదికలో పాఠములు వినుట ఉచితము, పరీక్ష వ్రాసి యోగ్యతాపత్రము పొందుటకు మాత్రము రుసుము. ఏది దేనికో ముందే తెలియును గనుక అది చక్కని పద్ధతి.

నా పూర్వవిద్యార్థి యొకడు, కౌలురైతు, ఒకనాడు కుమారుని వెంటబెట్టుకొని వచ్చెను. ఒక సంస్థవారు 18,000 రూపాయ లడిగిరట. ఆ రాత్రిలోపల కట్టినచో 12,000 రూపాయలకే యిత్తురట.

“మాస్టారూ, కట్టమందురా, మానమందురా? ఇది చేని కౌలుకు దాచిన డబ్బు” అనెను.

“వారికి ఫోను చేసి ఒక్క మాట అడుగవోయి. మీవాడు గీసిన బొమ్మను ఎవరైన చూచి జవాబు వ్రాయుదురా?”

అతడు అక్కడనే అడిగెను. వీడియోలను ఎన్నిమార్లయినను చూచుకొనవచ్చునని వారు బదులు చెప్పిరి. మరల అడిగినను అదే మాట. అతడు ఫోను జేబులో వేసికొనెను. బాలుని కన్నుల నీరు తిరిగినది. ఆ వయసున అది సహజము.

పిమ్మట ఆ బాలుడు ఉచిత పాఠములలో ఒకే గురువును ఎంచుకొని వరుసగా చూచుచున్నాడు. ఒక పాఠము చూచినచో పదిమార్లు గీయవలెనని నేను నియమము పెట్టితిని. వారమున కొకమారు తన చిత్రములను డ్రాయింగు మాస్టరుగారికి చూపును. ప్రభుత్వ పరీక్షల విభాగమువారు జరుపు డ్రాయింగు లోయరు పరీక్షకు కూర్చుండవలెనని వాని కోరిక. అందుకై కాగితముపై పెన్సిలుతోను సాధన చేయుచున్నాడు. మొన్న కట్టలేటి వాగు ఒడ్డున మేయుచున్న గేదెను పలకపై గీసి తెచ్చెను. గేదె బాగుగనే కుదిరినది. అయితే సూర్యుడు తూర్పున నుండగా నీడయు తూర్పుననే పడినదని మాస్టరుగారు చూపిరి. బాలుడు ఆ పొరను తీసివేసి, బల్లమీదనే కూర్చుండి, నీడను మరల గీయ నారంభించెను.