నీటిలో రాయి ఎందుకు తేలికవుతుంది?



మన ఉద్దానం కొబ్బరితోటలోని బావి, భావనపాడు సముద్రం. ఈ రెండింటిలో ఒక మీటరు లోతున నీటి పీడనం ఎక్కడ ఎక్కువ? “సముద్రంలోనే, అక్కడ నీళ్లు ఎక్కువ కదా” అంటారు చాలామంది. నిజానికి రెండుచోట్లా దాదాపు ఒకటే. పీడనం నీటి విస్తీర్ణాన్ని బట్టి ఉండదు. లోతును, సాంద్రతను బట్టి ఉంటుంది. ఉప్పునీటి సాంద్రత కొంచెం ఎక్కువ కనుక సముద్రంలో రెండు మూడు శాతం ఎక్కువ, అంతే.

పీడనం = లోతు × సాంద్రత × గురుత్వ త్వరణం. గురుత్వ త్వరణం సుమారు 10 అనుకుంటే, మంచినీటిలో ఒక మీటరు లోతున నీటి పీడనం 1 × 1000 × 10 = 10,000 పాస్కల్‌లు. ఇది కిందికే కాదు, అన్నివైపులా పనిచేస్తుంది.

ఇప్పుడు 10 సెం.మీ. భుజం గల టెక్కలి గ్రానైట్ ఘనాన్ని బావిలోకి దించుదాం. దాని బరువు సుమారు 27 న్యూటన్లు. ఒక్కో ముఖం వైశాల్యం 0.01 చ.మీ.

పై ముఖం 1 మీ. లోతున: కిందికి 100 న్యూటన్లు.
అడుగు ముఖం 1.1 మీ. లోతున: పైకి 110 న్యూటన్లు.

పక్కల బలాలు ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. మిగిలింది పైకి 10 న్యూటన్లు. అదే ఉత్ప్లవన బలం. రాయి తొలగించిన ఒక లీటరు నీటి బరువూ అంతే. ఆర్కిమెడిస్ చెప్పింది ఇదే. రాయి 17 న్యూటన్లే తూగుతుంది.

అదే రాయిని 2 మీటర్లకు దించితే? పైన 200, కింద 210. తేడా మళ్లీ 10! లోతు పెరిగితే పీడనం పెరుగుతుంది, ఉత్ప్లవన బలం మారదు. ఈ రెంటినీ ఒకటే అనుకోవడం వల్లే పరీక్షలో మార్కులు పోతాయి.

విశాఖ బీచ్‌లో 2002 నుంచి మ్యూజియంగా ఉన్న కురుసుర జలాంతర్గామి 1969లో నౌకాదళంలో చేరింది. 100 మీటర్ల లోతున ఒక చదరపు మీటరు మీద నీరు మోపే బలం సుమారు 100 టన్నుల బరువుకు సమానం. అందుకే దాని ఉక్కు కాయం గుండ్రని గొట్టంలా ఉంటుంది.

తమ్ముళ్లూ, ఒక్క మాట. నోట్లో పొడవాటి గొట్టం పెట్టుకొని చెరువు అడుగున ఊపిరి పీల్చవచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి. ఒక మీటరు లోతున ఛాతీ మీద 0.05 చ.మీ. మేర చూసినా 500 న్యూటన్లు, అంటే 50 కిలోల బియ్యం బస్తా బరువు! ఆ బరువు కింద ఊపిరితిత్తులు విప్పారవు. ఆ ఆట ప్రాణం తీస్తుంది.

ప్రయోగం చేయాలంటే బకెట్ నీళ్లు, ఒక రాయి, ల్యాబ్‌లోని స్ప్రింగ్ త్రాసు చాలు. ఈ ఆదివారమే చేసి చూడండి!